చేదు తెలిసిన రోజు

నర్సాపూర్ బస్టాండులో మెదక్ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే, కౌడిపల్లి దాటిన కాసేపటికి కొల్చారం అన్న బోర్డు కనిపిస్తుంది. ఆ పేరు చూసి తల ఎత్తేవాళ్ళు తక్కువ. దిగేవాళ్ళు దిగుతారు, ఎక్కేవాళ్ళు ఎక్కుతారు, కండక్టరు రైట్ అంటాడు, బస్సు పోతుంది. కానీ కాళిదాసును చదవాలని పుస్తకం తెరిచినవాళ్ళు, వాళ్ళు కాశీలో ఉన్నా కేరళలో ఉన్నా, ఈ ఊరి మనిషి చెయ్యి పట్టుకునే లోపలికి నడుస్తారు. ఆయన కోలాచల మల్లినాథసూరి. రఘువంశానికి, కుమారసంభవానికి, మేఘసందేశానికి వ్యాఖ్యానం రాసిన మహాపండితుడు. ఆయన ఇంటిపేరులోని కోలాచలం మన కొల్చారమేనని పండితులు చెబుతారు. ఇప్పటికి దాదాపు 600 ఏళ్ళ కిందటి మనిషి.

అయితే ఈ రోజు రేడియోలో నేను మాట్లాడబోయేది ఆయన పాండిత్యం గురించి కాదు. ఈ చుట్టుపక్కల బడుల్లో ఏళ్ళ తరబడి తెలుగు చెప్పినవాణ్ణి. పిల్లలు నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఒకటుంది. "సార్, మంచిగ రాయాలంటె ఏం చెయ్యాలె?" నేను కూడా అందరు మాస్టార్లూ చెప్పే జవాబే చెప్పేవాణ్ణి. మస్తుగా చదువు, రోజూ రాయి, అదే వస్తుంది అని. అందులో అబద్ధం లేదు. కానీ అది సగం జవాబే. రోజూ రాసే పిల్లల్లో కొందరి రాత ఏడాది తిరిగేసరికి పదునెక్కేది. కొందరిది ఎక్కడ ఉన్నది అక్కడే ఉండేది. ఇద్దరూ కష్టపడేవాళ్ళే. మరి తేడా ఎక్కడ వచ్చింది? ఆ మిగిలిన సగం జవాబు నాకు దొరకడానికి చాలా ఏళ్ళు పట్టింది. దాన్నే ఇవాళ మీ ముందు పెడతాను.

మన భాషలో 'దిద్దడం' అనే మాట ఉంది. పసివాణ్ణి బళ్ళో వేసిన కొత్తలో పలక మీద పెద్దగా 'అ' రాసిచ్చి, దాని మీదే బలపం తిప్పమంటాం. అది దిద్దడం. అదే పిల్లవాడు పదో తరగతికి వచ్చి వ్యాసం రాసుకొస్తే, ఎర్ర పెన్ను తీసి తప్పులు సరిచేస్తాం. అదీ దిద్దడమే. నేర్చుకోవడానికీ సరిచేసుకోవడానికీ తెలుగువాళ్ళు ఒకే మాట పెట్టుకున్నారు. ఊరికే పెట్టుకోలేదని నాకనిపిస్తుంది.

వర్గల్ గుట్ట మీది సరస్వతి గుడికి పోయి చూడండి. బాసర దాకా పోలేనివాళ్ళు మన దిక్కు నుంచి అక్కడికే పోతారు. తండ్రి ఒళ్ళో పిల్లవాడు, ముందు పళ్ళెంలో బియ్యం, ఆ చిన్న వేలు పట్టుకుని పంతులు రాయించే అక్షరాలు. ఆ తంతు పేరు అక్షరాభ్యాసం. అక్షరదానం అనలేదు, అక్షరప్రాప్తి అనలేదు. పేరులోనే అభ్యాసం పెట్టారు. ఆ రోజు పిల్లవాడి చేతికి వచ్చింది చదువు కాదు, పని అన్నమాట.

ఇక పలక దగ్గరికి వద్దాం. పిల్లవాడు ఒకే అక్షరం మీద బలపం తిప్పుతూ పోతే ఏమవుతుంది? అక్షరం లావెక్కుతుంది. ఇరవై సార్లు దిద్దితే 'అ' కాస్తా గుమ్మడికాయ అవుతుంది. ఆ గుమ్మడికాయను చూసి పిల్లవాడు మురిసిపోతాడు. అసలు నేర్పే పంతులు అప్పుడు ఒక పని చేయిస్తాడు. పలక తుడిపిస్తాడు. తడిగుడ్డ ఉంటే తడిగుడ్డతో, లేకపోతే ఉమ్మి పెట్టి అరచేత్తో. తుడిచాక, కింద గీత లేకుండా మళ్ళీ రాయమంటాడు. వంకర పోతుంది. మళ్ళీ తుడుపు. అక్షరం వచ్చేది ఆ ఖాళీ పలక మీదే.

పై తరగతికి పోగానే మనకు పలక పోయి నోట్‌బుక్కు వస్తుంది. దాంతో పాటు తుడిచే అలవాటు కూడా పోతుంది. రాసిందల్లా ఉండిపోతుంది. ఉన్నదాని మీదే ఇంకా రాస్తూ పోతాం. రోజూ రాసినా రాత మెరుగుపడని పిల్లల సంగతి ఇదే. వాళ్ళు అక్షరాన్ని లావు చేస్తున్నారు, తుడవడం లేదు.

సాధన గురించి వేమన చెప్పిన పద్యం మీకందరికీ నోటికి వచ్చు. వేపాకు సంగతి వచ్చే పద్యం. నేను చదవక్కర లేదు, ఈపాటికి మీ మనసులోనే మోగి ఉంటుంది. అలవాటు పడితే చేదు కూడా చేదనిపించదని అందులో ఒక మాట. చెయ్యడానికి బద్ధకం ఉన్నవాడికి అంతకంటే మంచి మందు లేదు. మొదటి పది రోజులు కాగితం ముందు కూర్చోవడమే చేదు. ఇరవయ్యో రోజుకు చెయ్యి తనంతట తానే పెన్ను వెతుక్కుంటుంది. అంతవరకు వేమన మాట అక్షరాలా నిజం.

కానీ మల్లినాథుడి గురించి మన పెద్దలు చెప్పుకునే కథలోనూ వేప ఉంది. అది చరిత్ర కాదు, కథే. ఇలాంటివి వేరే పండితుల మీద కూడా చెబుతారు. ఆయన కుర్రతనంలో ఒట్టి మొద్దు అట. అత్తవారింట్లో ఎవరో ఆయన్ను మోదుగు పువ్వుతో పోల్చారట. చూపుకు ఎర్రగా బాగుంటుంది, వాసన ఉండదు. ఎండలు ముదురుతున్న వేళ మన దిక్కు మోదుగులు ఎట్లా పూస్తాయో మీరు చూసే ఉంటారు, చెట్టుకు నిప్పంటుకున్నట్టు ఉంటుంది, దగ్గరికి పోతే వాసన సున్న. ఆ మాట గుండెకు తగిలి కాశీకి పోయి గురువు దగ్గర చేరాడట. గురుపత్ని రోజూ అన్నంలో నెయ్యికి బదులు వేపనూనె వడ్డించేదట. చదువు మీద ధ్యాసలో ఆయనకు అది తెలిసేది కాదు. ఏళ్ళు గడిచాయి. ఒకనాడు ముద్ద నోట్లో పెట్టుకుని, అమ్మా, ఇవాళ అన్నం చేదుగా ఉందేమిటి అన్నాడట. గురువు నవ్వి, నాయనా, నీ చదువు పూర్తయింది, ఇంటికి పో అన్నాడట.

ఈ కథను చిన్నప్పుడు విన్నప్పుడు ఏకాగ్రత గురించి అనుకున్నాను. పంతులుగా పండిన తరువాత మరో అర్థం తోచింది. వేమన పద్యంలో సాధన వల్ల చేదు పోతుంది. ఈ కథలో చేదు తెలిసిన రోజునే సాధన పండింది. రాతకు రెండూ కావాలి. మొదట రాయడంలోని చేదు పోవాలి. ఆ తరువాత, మనం రాసినదాంట్లోని చేదు మన నాలుకకే తెలియాలి. చాలామంది మొదటి మెట్టు మీదే ఆగిపోతారు. రాయడం తియ్యగా ఉంటుంది, రాసినదంతా తియ్యగానే తోస్తుంది. ఆ తీపే అడ్డం.

నా సంగతే చెబుతాను. ఇరవై రెండేళ్ళ వయసులో ఒక కథ రాసి ఒక పత్రికకు పంపాను. తిరిగి వచ్చింది. ఇంకోటి పంపాను. అదీ వచ్చింది. సంపాదకుడికి సాహిత్యం తెలియదని స్నేహితుల దగ్గర గట్టిగానే అన్నాను. నాలుగేళ్ళ తరువాత ఇల్లు సున్నం వేస్తుంటే అటక మీద ఆ కాగితాలు దొరికాయి. గుమ్మంలో కూర్చుని చదివాను. మొదటి పేజీ అంతా సూర్యోదయమే. రెండో పేజీలో గానీ మనిషి రాలేదు. ఆ మనిషి కూడా నేను ఎన్నడూ చూడని మనిషి, ఏదో సినిమాలోంచి నడిచొచ్చినవాడు. నోరు చేదయింది. ఆ రోజు నాకు సిగ్గేసింది కానీ, ఇప్పుడు తలుచుకుంటే నా రాత మొదలయింది ఆ గుమ్మంలోనే.

మరి ఆ చేదును నాలుగేళ్ళు ఆగకుండా, నాలుగు రోజుల్లో తెలుసుకునే ఉపాయం ఉందా? ఉంది. దానికి పలక కావాలి.

అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ అనే ఆయన ఉండేవాడు. మెరుపులో ఉన్నది విద్యుత్తే అని చూపించిన శాస్త్రవేత్త, ఆ దేశం పుట్టినప్పుడు ముందు వరుసలో నిలిచిన పెద్దమనిషి. పన్నెండేళ్ళ వయసులో బోస్టన్ నగరంలో అన్న ప్రెస్సులో పనికి కుదిరాడు. పెద్ద చదువు లేదు. రాత బాగా లేదని తండ్రి ఒకసారి చెబితే, ఒప్పుకుని ఒక పద్ధతి పెట్టుకున్నాడు. 'స్పెక్టేటర్' అనే ఆంగ్ల పత్రిక సంపుటం ఒకటి సంపాదించాడు. అందులో నచ్చిన వ్యాసం తీసుకుని, ఒక్కో వాక్యంలోని విషయం రెండు మూడు ముక్కల్లో రాసి పెట్టుకునేవాడు. పుస్తకం మూసేసి కొన్ని రోజులు వదిలేసేవాడు. తరువాత ఆ ముక్కల సాయంతో వ్యాసమంతా తన మాటల్లో తిరగరాసి, అసలుతో పోల్చి, ఎక్కడ తగ్గిందో చూసుకుని దిద్దుకునేవాడు. ప్రెస్సు పని ముగిశాక రాత్రిళ్ళు, పొద్దున పనికి పోకముందు, ఆదివారాలు. ఇవన్నీ ఆయన ఆత్మకథలో రాసుకున్న సంగతులే.

ఇది మనకు కొత్తేమీ కాదు. పద్యం చదివించి, పుస్తకం మూయించి, తాత్పర్యం సొంత మాటల్లో రాయమని మన బళ్ళో అడిగేది ఇదే. కాకపోతే గైడులో ఉన్న తాత్పర్యం బట్టీ పట్టడం మొదలయ్యాక ఆ సాధనలోని ప్రాణం పోయింది. ఇంట్లో పాత చందమామ ఉంటే తీయండి. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా కొడవటిగంటి కుటుంబరావు గారు ఆ పత్రికను నడిపించారు. ఆయన చేతి మీదుగా పోయిన వాక్యం ఎంత తేటగా ఉంటుందో చదివినవాళ్ళకు తెలుసు. ఒక చిన్న కథ చదవండి. మూసేయండి. మూడు రోజుల తరువాత మీరు రాయండి. పక్కపక్కన పెట్టి చూడండి. ఆయన ఒక్క వాక్యంలో దాటిన చోట మీకు ఐదు పట్టి ఉంటాయి. ఆ ఐదింటిలో నాలుగు చేదు ఎందుకో ఎవరూ చెప్పక్కర లేదు, మీకే తెలుస్తుంది.

మీ సొంత రాతకూ ఇదే పలక పద్ధతి. ఇవాళ అర పేజీ రాయండి. రేపు దాన్ని చూడకుండా అదే సంగతి మళ్ళీ రాయండి. మూడో రోజు రెండూ ముందు పెట్టుకోండి. రెండోసారి మీరు మరిచిపోయి రాయని వాక్యాలు ఉంటాయి చూశారూ, వాటిలో చాలావాటికి అక్కడ పని లేదు. పని ఉన్నది మళ్ళీ గుర్తొస్తుంది. వారానికి రెండుసార్లు ఇది చేసినా చాలు, రోజూ కొత్త పేజీ నింపిన దానికంటే ఎక్కువ వస్తుంది.

చేదు తెలుసుకోవడానికి ఇంకో సాధనం మన గొంతు. రాసింది పైకి చదవండి. ఊపిరి సరిపోని వాక్యం పొడుగైన వాక్యం. నాలుక తడబడిన చోట మాట సరిగ్గా కుదరలేదు. సిగ్గేసిన చోట అబద్ధం ఉంది. మా రేడియో ప్రసంగాలకు ఇది తప్పనిసరి. పుస్తకంలో అయితే పాఠకుడు వెనక్కి పోయి మళ్ళీ చదువుకుంటాడు. రేడియో వినేవాడికి వెనక్కి పోయే దారి లేదు. వాడి చెవిలో పడకపోతే ఆ మాట గాలిలో కలిసిపోయినట్టే.

ఇప్పుడు మళ్ళీ మల్లినాథుడి దగ్గరికి వస్తాను. ఆయన వ్యాఖ్యానం మొదట్లోనే రెండు మాటలు ఇచ్చుకున్నాడు. మూలంలో ఆధారం లేనిది ఏదీ రాయను, అక్కర లేనిది ఏదీ చెప్పను అని. చెడ్డ వ్యాఖ్యానాలు కాళిదాసు కవిత్వాన్ని విషం ఎక్కి మూర్ఛపోయినట్టు చేశాయనీ, తన వ్యాఖ్య దాన్ని బతికిస్తుందనీ అనుకుని సంజీవని అని పేరు పెట్టాడు. భారవి రాసిన కిరాతార్జునీయం కొబ్బరికాయలాంటిది, పైన పెంకు, లోపల తీపి. దానికి మల్లినాథుడు రాసిన వ్యాఖ్యకు ఘంటాపథం అని పేరు. మెడలో గంటలు కట్టుకున్న ఏనుగులు నడిచే వెడల్పయిన రాజమార్గం అన్నమాట. మనం ఘంటాపథంగా చెప్పాడు అంటుంటాం కదా, అదే మాట. కష్టమైనదాన్ని వెడల్పు చేసి, తోవ వేసి, పక్కకు జరిగి నిలబడ్డాడు. 600 ఏళ్ళుగా ఆ తోవ అరిగిపోలేదు.

ఆధారం లేనిది రాయకు. అక్కర లేనిది చెప్పకు. మహాకావ్యానికి పెట్టుకున్న ఈ నియమం దరఖాస్తుకు కూడా పనికొస్తుందని నాకు ఒక పెద్దాయన వల్ల తెలిసింది.

మా వాడకట్టులో ఉండే ఆ పెద్దాయన ఒకనాడు రెండు పేజీల కాగితం తెచ్చాడు. "సారూ, సోమవారం ప్రజావాణిల ఇయ్యాలె, జెర సూడుండ్రి" అన్నాడు. చదివాను. తాతల కాలం నుంచి ఆ భూమి చేసుకుంటున్న సంగతి, అన్నదమ్ములు విడిపోయిన సంగతి, పెద్ద కొడుకు పట్నం పోయి పట్టించుకోని సంగతి, దొరవారు దయగల ప్రభువులు అన్న సంగతి. రెండో పేజీ చివర్లో ఉంది అసలు విషయం. పాసుపుస్తకంలో పది గుంటలు తక్కువ పడ్డాయి. సర్వే నంబరు వేయనే లేదు. వరుసలో ఎంతోమంది నిలబడి ఉండగా ఆ కాగితం చేతికి వచ్చిన అధికారి రెండో పేజీ చివరిదాకా పోతాడా?

ఇద్దరం కూర్చున్నాం. ఏ ఊరు, ఏ సర్వే నంబరు, ఉండాల్సింది ఎంత, పడింది ఎంత, దానికి ఏ కాగితం రుజువు, ఇప్పుడు మీరు ఏం చెయ్యాలని కోరుతున్నాను. ఆరు సంగతులు, ఆరు వాక్యాలు. తిరిగి చదివి వినిపిస్తే ఆయన మొహం చిన్నబోయింది. "గంతేనా సారూ, నా గోస ఏడున్నది ఇండ్ల?" అన్నాడు. ఆ ప్రశ్న నన్ను ఆపేసింది. నిజమే, ఆయన గోస అక్కర లేనిది కాదు. ఈ కాగితానికి అక్కర లేదు, అంతే. "గోస ఇంకో కాగితం మీద రాద్దాం తాతా, అది నాకియ్యి" అన్నాను. నవ్వాడు. ఆరు వాక్యాల కాగితం తీసుకుని పోయాడు. ఆ తరువాత చాలా రోజులు, సాయంత్రం పూట వచ్చి అరుగు మీద కూర్చుని ఆ గోస చెప్పేవాడు. అది విన్న తరువాత నాకు తెలిసింది, ఆయన చెప్పినంత బాగా నేను ఏనాడూ రాయలేదని.

ఎందుకు? ఆయన చెప్పే ప్రతి మాటకూ మూలం ఉంది. చూసింది చెప్పేవాడు. నేను చదివింది రాసేవాణ్ణి.

తరగతిలో మా ఊరి చెరువు అని వ్యాసం ఇస్తే ఒక పిల్లవాడు ఇట్లా రాశాడు: ప్రకృతిమాత ఒడిలో పచ్చని చీర కట్టిన పల్లెపడుచు నుదుటి తిలకంలా మా చెరువు అలరారుతున్నది, పక్షుల కిలకిలారావాలతో వీనులవిందు చేస్తున్నది. ఏ పక్షులురా అని అడిగాను. నీళ్ళు నమిలాడు. రేపు పొద్దున చెరువు దగ్గరికి పోయి, కండ్లకు కనబడ్డది నాలుగు ముక్కలు రాసుకురా అన్నాను. మర్నాడు తెచ్చిన కాగితంలో ఇట్లా ఉంది: కట్ట మైసమ్మ గుడి కాడ నిలబడి చూసిన. తూము రాయికి రెండు జానెల కిందికి పోయినయి నీళ్ళు. శిఖంల బర్లు మేస్తున్నయి. తెల్ల కొంగ ఒకటి బర్రె మీద కూసున్నది. పోయిన వానకాలం మత్తడి దుంకితె మా తాత నన్ను భుజం మీద కూసోబెట్టుకొని సూపెట్టిండు, ఇప్పుడు తాత లేడు.

తరగతిలో చదివి వినిపించాను. చివరి ముక్క దగ్గర గది అంతా చడీచప్పుడు లేకుండా అయిపోయింది. ఆ పిల్లవాడికి తాను ఏం చేశాడో తెలియదు. తాత గురించి రాయమని నేను అడగలేదు. మత్తడి అన్న మాట రాయగానే తాత దాని వెంట వచ్చాడు. మూలం ఉన్న మాటకు అట్లాంటి బలం ఉంటుంది. మత్తడి, తూము, శిఖం, కట్ట మైసమ్మ. ఇవి మన దిక్కు మాటలు. వాటిని తీసేసి జలాశయం, తటాకం అని పెడితే చెరువూ పోతుంది, తాతా పోతాడు.

ఇక్కడే మన పిల్లల అసలు ఇబ్బంది. ఇంట్లో ఒక తెలుగు, పుస్తకంలో ఒక తెలుగు. పెన్ను పట్టగానే ఇంటి తెలుగు తప్పనుకుంటారు. సొంత మాట వదిలేస్తే చేతిలో మిగిలేది అరువు మాటే. యశోదారెడ్డి గారు పాలమూరు పల్లె నుంచి వచ్చి, విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులుగా ఉండి, 'మా ఊరి ముచ్చట్లు' లో ఆ పల్లె భాషనే కథ భాష చేశారు. ఆమె రేడియోకు కూడా ఆ నుడిలో ఎంతో రాశారు. పండితురాలు కాబట్టి పుస్తక భాష రాక కాదు. కథ ఏ నోట పుట్టిందో ఆ నోట చెప్పించారు. కాళోజీ పుట్టిన రోజు సెప్టెంబరు 9ని మనం తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు బళ్ళో ఉపన్యాసాలు పెడతారు, మంచిదే. ఒక్క పేజీ పిల్లల చేత ఇంటి మాటలో రాయిస్తే ఇంకా మంచిది. పరీక్షకు ప్రామాణిక భాష ఎట్లాగూ నేర్పాలి, నేర్పుదాం. ముందు సొంత మాటలో చెప్పడం వచ్చినవాడు దాన్ని ఏ భాషలోకైనా మలుచుకోగలడు.

ఇంత దిద్దడం అవసరమా, పుట్టుకతో వచ్చినవాళ్ళు ఒక్క ఊపులో రాసేస్తారు కదా అని మీకు అనిపించవచ్చు. గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం చూడండి. 1892లో విజయనగరంలో ఆడారు, జనం మెచ్చారు. 1897లో అచ్చయింది. అక్కడితో ఆగినా ఆయన పేరుకు లోటు లేదు. ఆయన ఆగలేదు. 1909లో వచ్చిన రెండో కూర్పు పేరుకు అదే నాటకం, నిజానికి దాదాపు కొత్త నాటకం. మధురవాణి ఇప్పుడు మన మనసుల్లో ఉన్నంత ఎత్తుకు ఎదిగింది అందులోనే. మెచ్చుకున్న నాటకాన్ని, అచ్చులో ఉన్న నాటకాన్ని, పలక తుడిచినట్టు తుడిచి మళ్ళీ రాయడానికి ఎంత గుండె కావాలి! జనం తియ్యగా ఉందన్న తరువాత కూడా ఆయన నాలుకకు చేదు తెలిసింది. మరుసటి ఏడాది, 1910లో, ఆయన కథ ఒకటి వచ్చింది. దాని పేరు ఏమిటో మీకు తెలుసు. 'దిద్దుబాటు'.

ఒంటరిగా చేదు తెలుసుకోవడం కష్టం. పక్కన ఒక చెవి ఉండాలి. తెలంగాణలో కవులు లేరన్న మాట ఒకరు అంటే, సురవరం ప్రతాపరెడ్డి గారు కోపంతో వ్యాసం రాసి ఊరుకోలేదు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. అందులో 354 మంది. అందరూ మహాకవులు కారు. కానీ చదువే కరువైన ఆ రోజుల్లో, పెద్ద పత్రికలకు దూరంగా ఉన్న ఊళ్ళల్లో, ఇంతమంది రాసుకుంటూ, దిద్దుకుంటూ ఉన్నారన్న సంగతి ఆ పుస్తకం తెరిస్తే తెలుస్తుంది. మన పాత మెదక్ జిల్లాలో సిద్దిపేట కేంద్రంగా మంజీర రచయితల సంఘం వాళ్ళు ఒకచోట కూర్చుని, ఒకరి రాత ఒకరు వినే అలవాటు పెంచారు. అంత సంఘం లేకపోయినా ఫర్వాలేదు. ఇద్దరు చాలు. ఒకరు చదవాలి, ఒకరు వినాలి. విన్నవాడు బాగుంది అనకూడదు, బాగాలేదు అనకూడదు. తనకు ఏం అర్థమయిందో తిరిగి చెప్పాలి. మీరు రాసిందీ అతనికి అందిందీ ఒకటి కాకపోతే, మధ్యలో ఎక్కడ జారిందో వెతుక్కోవడమే దిద్దడం.

ఈ రోజుల్లో ఫోనుకు చెబితే చాలు, అక్షరాలు అవే పడుతున్నాయి. కొందరు దీన్ని చూసి రాత పోయిందని బాధపడుతున్నారు. నాకు అంత భయం లేదు. చెయ్యి చేసే పని ఫోను చేస్తే చెయ్యనీ. మా పెద్దాయన లాంటివాళ్ళ గోస అట్లాగైనా అక్షరాల్లోకి వస్తే సంతోషమే. కానీ పడిన అక్షరాల్లో ఏది ఉంచాలి, ఏది తుడవాలి అన్నది ఫోనుకు అప్పజెబితే మాత్రం, తినేది మనం, రుచి చూసేది ఇంకొకరు అయినట్టు ఉంటుంది.

వింటున్న పిల్లలకు ఒక పని చెప్పి ముగిస్తాను. నర్సాపూర్ వాళ్ళయితే రేపు రాయరావు చెరువు కట్ట మీదికో, అంగడికో, అడవి రోడ్డు దిక్కో పోండి. వేరే ఊరివాళ్ళకు వేరే చెరువు ఉంటుంది. కండ్లతో చూసింది, చెవులతో విన్నది పది వాక్యాలు రాయండి. మూడు రోజులు తాకకండి. నాలుగో రోజు పైకి చదవండి. చేదు తగిలిన వాక్యం కొట్టేయండి. ఒక్కటి కూడా చేదనిపించకపోతే కంగారు పడకండి, గొప్పగానూ అనుకోకండి. ఇంకో పది రాయండి.

ఈ ప్రసంగం కాగితాలు నా ముందే ఉన్నాయి. మూడుసార్లు రాశాను. అయినా ఇందాక, మైకు ముందుకు వచ్చే ముందు బయట బల్ల మీద కూర్చుని చదువుకుంటుంటే, మోదుగు పూల మీద ఇంకో నాలుగు వాక్యాలు కనిపించాయి. ఎంతో ఇష్టపడి రాసుకున్నవి. పైకి చదివాను, నోరు చేదయింది. పెన్నుతో అడ్డంగా గీత గీశాను. వాటిని మీరు వినలేదు.